తమ్ముడి పై పన్ను

మా చిన్నప్పుడు... పసివాడి చిగుళ్ళు చూడాలంటే మా ఇంట్లో ముందు వీధి తలుపు గడియ వేసేవారు. నవ్వకండి, నిజం!

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. తమ్ముడికి ఏడో నెల నడుస్తోంది. చొంగ ఆగదు, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, విరేచనాలు... పళ్ళొచ్చే పిల్లలకి ఇవన్నీ మామూలే అనేవారు. నాయనమ్మ వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాసేది, పొట్టకి ఆముదం పట్టేది. వాడు మాత్రం గుక్కపట్టి ఏడ్చేవాడు. ఉయ్యాల ఊపీ ఊపీ నా చేతులు పడిపోయేవి.

ఒకరోజు పొద్దున్నే వాడి చిగుళ్ళకి తేనె రాస్తూ నాయనమ్మ ఠక్కున ఆగిపోయింది.

"ఓసి నా తల్లో! పై పన్నే ముందొచ్చిందే!"

అమ్మ గబగబా వెళ్ళి వీధి తలుపు వేసి వచ్చింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను... కింది పళ్ళకంటే ముందు పై పళ్ళొస్తే మేనమామకి గండం అని మా వైపు గట్టి నమ్మకం. మా అమ్మకి ఉన్నది ఒక్కడే అన్నయ్య. ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా కాలువ మీద ధాన్యం పడవ నడిపేవాడు. నీళ్ళ మీద బతికే మనిషి... అమ్మ భయం ఎంతటిదో మీరే ఊహించుకోండి.

"కింది పళ్ళు వచ్చేదాకా అది మీ అన్న కంట పడకూడదు. చెప్పనూ కూడదు. చెబితే గండాన్ని పిలిచినట్టే" అని నాయనమ్మ తేల్చేసింది. నా చేత తమ్ముడి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించారు.

ఇక చూడాలి మా ఇల్లు! అమ్మకి అందరి మీదా అనుమానమే. మజ్జిగ కోసం వచ్చిన పక్కింటావిడ పిల్లాడి గడ్డం పట్టుకుంటే అనుమానం. ఎవరైనా "అబ్బాయికి పళ్ళొచ్చాయా అండి?" అని మామూలుగా అడిగినా, ఎందుకడిగారో అని రోజంతా కుమిలేది. వాడు ఆవలిస్తే పమిట చెంగు అడ్డం పెట్టేది. ఆ జబ్బు నాకూ అంటుకుంది... ఎవరొచ్చినా వాళ్ళ చూపు ఎక్కడుందా అని కనిపెట్టుకుని కూర్చునేదాన్ని.

సరిగ్గా అప్పుడే మామయ్య దిగాడు. పడవ మా రేవులో కట్టి, చేతిలో లక్క గిలక్కాయతో...

మామయ్యకి పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లలు లేరు. మేమంటే ప్రాణం.

"ఏరా మేనల్లుడా! చిగుళ్ళు దురద పెడుతున్నాయా? ఇదుగో, ఇది కొరుకు" అంటూ చేతులు చాచాడు. వాడు నోరంతా తెరిచి నవ్వబోయాడు. అంతే... అమ్మ ఒక్క ఉదుటున వాడి మొహం మీద పమిట కప్పేసి లోపలికి వెళ్ళిపోయింది. "వాడికి నిద్రొస్తోంది అన్నయ్యా" అని లోపల్నుంచే అంది. మామయ్య చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి.

భోజనానికి కూర్చున్నాడు గానీ అన్నం కెలికి లేచాడు. అంతసేపూ అమ్మ పిల్లాణ్ణి బయటికి తేలేదు.

రేవు దాకా నేనే సాగనంపాను. పడవ ఎక్కబోతూ ఆగాడు.

"బుల్లీ, నిజం చెప్పవే. మీ అమ్మ వాణ్ణి నాకు చూపించకుండా దాస్తోందేంటి? పిల్లల్లేనివాడి దిష్టి తగులుతుందని ఎవరన్నా అన్నారా?"

కాదు మామయ్యా అని అరవాలనిపించింది. ఒట్టు గుర్తొచ్చింది. నోరు విప్పితే మామయ్య చచ్చిపోతాడని భయం... తల దించుకుని నిలబడ్డాను.

"సరేలే అమ్మా" అన్నాడు. గిలక్కాయ నా చేతిలో పెట్టి పడవ ఎక్కేశాడు.

పది రోజులకి కింది పళ్ళు రెండూ వచ్చాయి. అమ్మ సంబరపడిపోతూ మామయ్యకి కబురు పెట్టింది. రాలేదు. మళ్ళీ పెట్టింది. పని ఒత్తిడిగా ఉందని ఎవరి చేతో చెప్పించాడు. ఆయన పడవ మా రేవు ముందు నుంచే వెళ్ళేది... ఆగేది కాదు.

"ఎవరో పన్ను సంగతి చెవిన వేసి ఉంటారు. ప్రాణభయం పట్టుకుంది ఆయనకి. మేనల్లుడికంటే ప్రాణమే తీపైపోయింది!" అని అమ్మకి కోపం. చెప్పింది పక్కింటావిడేనని అనుమానించి, పాపం ఆవిడకి మజ్జిగ పొయ్యడం మానేసింది.

రేవులో మామయ్య అడిగిన మాట అమ్మతో చెబితే సరిపోయేది కదా అంటారు. సరిపోయేది! "నువ్వెందుకు కాదనలేదే?" అని వీపు చీరేస్తుందని భయపడ్డాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిపోయాను. తర్వాత ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

మామయ్య మళ్ళీ మా గుమ్మం తొక్కింది అమ్మ పోయిన రోజున. తమ్ముడికి అప్పటికే ఇద్దరు పిల్లలు. వాళ్ళు ఎదురొస్తే మామయ్య పక్కకి తప్పుకుని నిలబడ్డాడు, తన చూపు వాళ్ళ మీద పడకుండా. అది చూసి ఉండబట్టలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకెళ్ళి మొత్తం చెప్పాను.



"అంటే... దాచింది నా కోసమా?"

"అవును మామయ్యా."

"నేను పోతానని భయపడిందా, పిచ్చిది..." అంటూ అరుగు మీద కూలబడి ఏడ్చాడు. అరవై దాటిన మనిషి అలా ఏడవడం నేను మళ్ళీ చూడలేదు. నా మీద కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

ఇప్పటి తల్లులకి ఈ దాపరికాలు లేవు. పిల్లాడికి పన్నొస్తే వీధంతా పిలిచి చూపిస్తున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది... మామయ్య చాచిన చేతులూ గుర్తొస్తాయి.

పసివాళ్ళ పళ్ళ గురించి మీ ఇళ్ళల్లో ఏమనేవారో చెప్పండి, వినాలనుంది. కానీ ఎవరి గురించైనా ఇలా దాచిపెట్టిన మాట మీ దగ్గరుంటే... నాకు తర్వాత చెబుదురుగాని. ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళండి.