అత్త అడిగిన చోటు

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసి చెప్పాడు. ఆమెకు ఒక్కగానొక్క కొడుకు అతను. కేరళలో చేపల బోటు మీద పనిచేస్తూ, తల్లికి జబ్బు చేసిందని తెలిసి పరుగున వచ్చాడు. అప్పటికే ఆమెకు మాట పడిపోయింది. “నా సెయ్యి పట్టుకుంది గానీ ఏటీ అనలేకపోనాది” అన్నాడు. అంకులిలో బస్సెక్కి, ఒడియా తీరంలో ఆర్యపల్లి అవతల ఉన్న అత్త ఊరు చేరేదాకా నా చెవుల్లో ఆ మాటే ఉంది.

అత్త ఎండుచేపలు అమ్మి బతికింది. ఒడ్డున చేప కొని, ఉప్పు పట్టించి, ఊరికీ రైలు పట్టాలకీ మధ్య ఉన్న ఇసుక మైదానంలో పాత వలల మీద ఆరబెట్టేది. ఆ ఊరి ఆడవాళ్ళందరి బతుకూ ఆ మైదానమే. చిన్నప్పుడు మా అమ్మ మంచాన పడితే నన్ను సాకింది అత్తే. నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, వాసన చూసుకుని, అప్పుడు గానీ నా జడ ముట్టుకునేది కాదు. ఆరబెట్టే చోటు కోసం ఆడవాళ్ళు కీచులాడుకుంటే, “కోపం ఆరనియ్యండి, అప్పుడు మాటాడుకుందాం” అనేది. వాళ్ళు నవ్వేసేవాళ్ళు.

ఆ మైదానంలో గూడ్స్ టెర్మినల్ కడతారన్న కబురు వచ్చాక నవ్వులు తగ్గాయి. బొగ్గు దించుతారట, లారీలు తిరుగుతాయట. బొగ్గుపొడి పడిన చేపను ఎవరు కొంటారని ఆడవాళ్ళ బెంగ. ఊళ్ళోనే పని దొరుకుతుందని కుర్రాళ్ళ ఆశ. ఊరికి దూరంగా బతికి విసిగి, అప్పట్లో కేరళ నుంచి ఇంటికొచ్చేసిన బావ, టెర్మినల్ రావాల్సిందేనన్నాడు. తల్లీకొడుకులు ఆ మాట ఎత్తకుండా ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవారు.

“ఆడు నా కళ్ళముందుంటే నాకంతకన్నా ఏటి కావాల?” అని ఒకసారి నా దగ్గర కళ్ళు తుడుచుకుంది అత్త.

బడి ఆవరణలో అధికారులు సభ పెట్టిన రోజు నేనూ వెళ్ళాను. ఆడవాళ్ళు ఒకవైపు, కుర్రాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. అత్త లేచి ఒడియాలో తమ కష్టం చెబుతుంటే కాంట్రాక్టరు మనిషి అడ్డం వచ్చాడు. మీ కొడుకే పని కావాలని మా చుట్టూ తిరుగుతున్నాడు, మీరెలా వద్దంటారని అడిగాడు. అందరూ బావ వైపు చూశారు. అతను తల దించుకున్నాడు.

అత్త ఒడియా వదిలేసి, కొడుకు వైపు తిరిగి తెలుగులో చెప్పింది. “నీకు పని రావాలనే నాకూ ఉంది నాన్నా. నీకొచ్చి ఈళ్ళందరి పనీ పోతే, ఈళ్ళ మొహం నానెలాగ సూడను?”

తర్వాత అధికారి వైపు తిరిగి మళ్ళీ ఒడియాలో అంది. “రైలు తెచ్చుకోండి బాబూ. మా సేపలు ఎక్కడ ఆరబెట్టుకోవాలో ముందు సూపించండి.”

ఆమె కూర్చునేలోగా బావ లేచి వెళ్ళిపోయాడు. ఆ వారమే కేరళ రైలెక్కాడు. అత్త కట్టిచ్చిన మూట గుమ్మంలోనే వదిలేశాడు. ఆ తర్వాత ఫోన్లో తిన్నావా, ఒంట్లో బాగుందా అన్నంతవరకే మాటలు. స్థలం మళ్ళీ పరిశీలిస్తామన్న అధికారులు ఒకసారి వచ్చి కొలుచుకుని వెళ్ళారు. టెర్మినల్‌ను పట్టాల అవతలికి మారుస్తారని కొందరు, మార్చరని కొందరు అన్నారు. ఏదీ తేలకముందే అత్త పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్న మైదానానికి వెళ్ళాను. జబ్బు పడకముందు అత్త ఉప్పులో వేసిన చేపల్ని పక్కింటావిడ ఆరబెట్టింది. బావ వంగి ఒక్కొక్కటీ తిరగేస్తున్నాడు. నన్ను చూసి నడుం ఎత్తాడు.

“అమ్మ అడిగింది తప్పు కాదు. నాకూ పని కావాల. నానేటి సెయ్యను?”

పక్కన కూర్చుని నేనూ చేపలు తిరగేశాను. కాసేపటికి పట్టాల మీద గూడ్స్ బండి ఒకటి వచ్చింది. చేతిలో చేప అలాగే పట్టుకుని, చివరి వ్యాగను కనుమరుగయ్యేదాకా బావ అటే చూస్తూ నిలబడ్డాడు.