వేర్ల కింది తడి

నిజామాబాద్‌ల మా ఆఫీసుల నా పని మట్టి తడి చూసుడు. చేన్లకు పోయి చూసేది కాదు. ఉపగ్రహం పంపే కొలతలు, కురిసిన వాన, కాసిన ఎండ, ఏ ఊర్ల ఏ తీరు నేల ఉన్నది, అన్నీ కంప్యూటర్‌ల వేస్తే, వేర్ల కాడ ఎంత తడి మిగిలిందో లెక్కగట్టి పటం గీస్తది. తడి ఉన్నకాడ నీలం, లేనికాడ ఎరుపు. ఆకు వాడకముందే కరువు జాడ అండ్ల తెలుస్తది.

ఆ ఏడు వానలు నడిమిట్ల ఆగినయి. బోధన్ అవతల, మా అక్కను ఇచ్చిన ఊరి దిక్కు, పటం ఎర్రబడబట్టింది. నివేదిక రాసి మా సారు ముందట పెట్టిన. ఆయన చూసి పై ఆఫీసుకు పంపిండు. అక్కడి నుంచి వచ్చి చూసినోళ్లకు మాత్రం చేన్లు ఇంకా పచ్చగనే కనబడ్డయట. ఎండినంక చూద్దామన్నరని సారు తల వంచుకొని చెప్పిండు.

ఆ ఆదివారం బస్సెక్కి అక్క ఇంటికి పోయిన. వాళ్లకు ఒక్కటే బోరు. దాని కింద కొంత చెరుకు, కొంత మక్క. బోరు అప్పటికే ఆగి ఆగి పోస్తున్నది. ఫోన్‌ల పటం చూపెట్టి, ఉన్న నీళ్లు రెండింటికీ సాలవు, ఒకటి ఇడిస్తేనే ఇంకోటి దక్కుతదని చెప్పిన. మక్క తొందరగ చేతికొస్తది, చెరుకుకు ఇంకా నెలలు నీళ్లు కావాలె.

ఊర్ల చానామంది వరికి మళ్లినా, బావ వాళ్ల బాపు పెట్టిన చెరుకును ఇడువలే.

"వాన వస్తదా, రాదా? గది చెప్పు చెల్లె" అని అక్క అడిగింది.

"గది నా పటం చెప్పదక్కా. మట్టిల ఎంత మిగిలిందో గంతే చెప్తది."

అక్క లేచి పోయి, చెరుకుకు పోయే నీళ్లు బందు పెట్టి వచ్చింది. బావ ఆ పూట అన్నం ముట్టలే.

కొన్నాళ్లు మక్క నిలబడ్డది. ఆఫీసుల కూసుంటనే ముందు వాళ్ల ఊరే తెరిచి చూస్తుంటి. ఎరుపు ఇంకా ముదురుతనే ఉన్నది. మక్క పీచు పోసి గింజ పట్టే యాళ్లకు బోరు గాలి కక్కింది. అక్క ఫోన్ చేసింది గని ఏడ్వలే. ఎనక మోటారు ఉత్తగ తిరుగుతున్న సప్పుడు ఇనబడ్డది.

బావ ట్యాంకరు కోసం ఊర్లు తిరిగిండు, దొరకలే. అక్క చేతిపంపు కాడికెళ్లి బిందెలతోటి మోసి, ఒక సాలు మక్కకు పోసింది. తాగే నీళ్లని ఊరోళ్లు వద్దన్నరు. వాళ్ల తప్పేం లేదని అక్కనే నాతోటి అన్నది.

నేను మల్ల పోయేసరికి కంకులు గింజ లేక బోడిగున్నయి. బావ మక్కను కోసి బర్రెకు ఏస్తున్నడు. నన్ను చూసి ఇంకో కొడవలి అందిచ్చిండు. ముగ్గురం కోసినం. పక్కన నిలువునా ఎండిన చెరుకు దిక్కు ఎవ్వరం చూడలే.

చాయ్ తాగేటప్పుడు అక్క మెల్లగ అడిగింది. "ఇంకో బోరు ఏస్తే నీళ్లు పడ్తయా? నీ పటంల కనబడ్తదా?"

"కనబడదక్కా. మా లెక్క వేర్ల కాడికే. అంత లోతుకు పోదు."

బావ చాయ్ గిలాస కింద పెట్టి, కొడవలి తీసుకొని మల్ల చేన్లకు పోయిండు.