మందు గోడకి వేసిన సున్నం

నిన్న సాయంత్రం లైట్లు వేస్తూ, గోడకి వెలుగుతున్న దోమల మందు మిషను మీదే ఒక దోమ వాలి ఉండడం చూసి అక్కడే ఆగిపోయాను. తల కిందికి వంచి, వెనక భాగం పైకెత్తి, ఏటవాలుగా కూర్చుంది. మలేరియా దోమ కూర్చునే తీరది. రెండడుగుల దూరంలో మా చిన్నది హోంవర్కు రాసుకుంటోంది. గాజువాకలోని మా అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకు మూత విరిగి నెల దాటింది. మిషను వదిలే తియ్యటి వాసన అడుగునుంచి, కుళ్ళిన వెల్లుల్లి లాంటి పాత వాసన ఒకటి ముక్కుకి తగిలింది.

భీమిలి అవతల, సముద్రం ఒడ్డున ఉన్న మా వీధిలో గంగమ్మ పండగకి ముందుగా వచ్చేది సున్నం వాసన. మట్టి గోలెంలో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోస్తే బుసబుసమని ఉడికేది. చల్లారాక చిటికెడు నీలిమందు కలిపే పని నాది, కొబ్బరి పీచు కుంచెతో గోడల కింది సగం తెల్లగా చేసే పనీ నాదే. ఎండు నెత్తళ్ళ చేపల వాసన, గారెల నూనె వాసన, తడి గోడల వాసన కలిసిపోయే ఆ నాలుగు రోజుల కోసం ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, సరిగ్గా పండగ ముందు, మలేరియా మందు కొట్టే మనిషి భుజాన పంపుతో వచ్చాడు. నాన్న వేటకి, అమ్మా మామ్మా చేపలమ్మడానికి వెళ్ళారు; ఇంట్లో నేనూ, ఐదేళ్ళ తమ్ముడూ. గోడలన్నీ కుళ్ళిన వెల్లుల్లి కంపు కొట్టే మందుతో తడిపి, అతను నా వైపు వేలు చూపించాడు.

“సదువుకున్న గుంటవి కదా, మీవోళ్ళకి సెప్పు. మూడు నెల్లు గోడలు కడగొద్దు, సున్నం ఎయ్యొద్దు. ఏత్తే మందు సచ్చిపోద్ది.”

తలూపాను. మామ్మ వచ్చి, తట్ట దించకుండానే కొంగుతో ముక్కు మూసుకుంది.

“ఓలమ్మో, ఏటే ఈ కంపు! అమ్మోరు ఈది మొగలోంచే ఎనక్కెళ్ళిపోద్ది. ఆ మందోడు ఏటైనా సెప్పాడేటే?”

“ఏటీ సెప్పలేదు మామ్మా.”

మర్నాడే సున్నం ఉడికింది.

మూడు వారాలు తిరక్కుండానే, గోడవార నులకమంచం మీద పడుకునే తమ్ముడికి వణుకుడు జ్వరం వచ్చింది. దుప్పటి మీద దుప్పటి కప్పినా మంచం కిరకిరలాడేది. పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే మామ్మ “అమ్మోరికి ఏటి తక్కువ సేసామో” అని ఏడ్చింది. అప్పుడూ నేను నోరు విప్పలేదు. వాడు బతికాడు కానీ, జ్వరం చేసిందో, జ్వరానికిచ్చిన మందు చేసిందో, ఎడమ చెవి పోయింది. “బోటింజను ఆ పక్కకెట్టుకుని కూకుంటానక్కా, నా అంత సుఖం ఎవుడికుంది!” అని ఇప్పటికీ నవ్వుతాడు.

బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీలో, మందుకి లొంగని దోమల గురించి చదివిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. వాటి ఒంట్లో ఒక ఎంజైమ్ మరీ ఎక్కువగా తయారై, ఆనాడు మా గోడలకి కొట్టిన మలాథియాన్ మందు అణువుని నరాల దాకా పోనివ్వకుండా మధ్యలోనే విరిచేస్తుందట. మా ఇంటి దోమలు అప్పటికే అలాంటివేమో, సున్నం వేయకపోయినా తమ్ముడికి జ్వరం వచ్చేదేమో! ఆ పేజీని పట్టుకుని కొన్నాళ్ళు హాయిగా నిద్రపోయాను. తర్వాత ల్యాబులో అదే మందుకి సున్నం లాంటి క్షారం కలిపించారు. అదీ అణువుని విరిచేసింది. దోమ తన ఒంట్లో చేసుకునే పనిని, సున్నంతో నేను గోడ మీదే చేసిపెట్టాను. పైగా సగం చచ్చిన మందు బలహీనమైన దోమల్ని చంపి, కాస్త తట్టుకునేవాటిని మిగిల్చి, వాటి సంతానానికే వీధిని అప్పగిస్తుంది. నా తప్పు మా ఇంటితో ఆగిందని కూడా చెప్పుకోలేను.

ఇప్పుడా వీధిలో మట్టి గోడల్లేవు, సున్నం గోలేల్లేవు, మామ్మ లేదు. పండగ గారెలు కూడా బజారు నుంచే వస్తున్నాయి. ఆనాడు మా ఇంట్లో మందు కొట్టిన మనిషి చెప్పిన మాట విన్నది నేనూ, తమ్ముడూ; అది గుర్తున్నది నాకొక్కదానికే.

ఈ ఉదయం వాచ్‌మన్‌తో ట్యాంకు మీద దళసరి గుడ్డ కట్టించి వచ్చి, ఇడ్లీలు తింటున్న పిల్లలతో చెప్పాను: “మావయ్య చెవి అలా అవడంలో నా తప్పుంది. చిన్నప్పుడు అబద్ధమాడాను. ఆదివారం భీమిలి వెళ్ళి వాడితో చెప్పేస్తాను. మీరిద్దరూ నా పక్కనే నిలబడండి. మీరు చూస్తుంటే మాట మార్చలేను.”