హారతి పట్టిన మోటరు

మొన్న బేస్తవారం పొద్దున, ఎనిమిది దాటి పది నిమిషాలకు, మా మనుమరాలు ఆఫీసుకు పోదామని కారులో కూర్చుని తాళం తిప్పితే బండి వెంటనే అందుకోలేదు. కంపెనీ షాపులో వారం రోజులు పెట్టుకుని, ఏవేవో మార్చి, అంతా బాగైందని చెప్పి అప్పగించిన బండి అది. బరువు ఎత్తలేని మనిషి మూలిగినట్టు మూలిగి, ఆగి, మళ్లీ మూలిగి, ఆఖరుకు అందుకుంది. పిల్ల నాకు చెయ్యి ఊపి వెళ్లిపోయింది. నేను వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఆ తరువాత చేటలో ఏది బియ్యమో ఏది రాయో నాకు కనబడలేదు.

ఆ మూలుగు నాకు తెలుసు. అరవైల మొదట్లో, మర్రిగూడ అవతల మా అత్తగారి ఊళ్లో, ఒక నల్ల మోటరు వెనక సీటులో పడుకుని దాన్ని విన్నాను. నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక, రాత్రి బడిలో, కాబట్టి సొగసుగా రాయడం నాకు చేతకాదు. నా ఈడువాళ్లకు సొగసులతో పని కూడా లేదు.

మా ఆయన ఆ ఊరి షావుకారు దగ్గర డ్రైవరు. షావుకారు పత్తి, కందులు, ఆముదాలు కొని పట్నం పంపేవాడు. వాళ్ల దొడ్లోనే ఒక కొట్టంలో మా కాపురం, నేను వాళ్లింట్లో పైపని చేసేదాన్ని. ఆ చుట్టుపక్కల మోటరున్న ఇల్లు అదొక్కటే కాబట్టి దాన్ని చూడ్డానికే కొందరు సంతకు పోయే దారి మార్చుకుని వచ్చేవాళ్లు, వచ్చి దాని రేకు మీద తమ ముఖాలు చూసుకుని, తలపాగాలు సర్దుకుని పోయేవాళ్లు. పెట్రోలు పిరమని షావుకారు దాన్ని ఊరికే తిప్పేవాడు కాదు. నల్లగొండ కోర్టుకో, పెద్ద బేరానికో తప్ప అది షెడ్డు దాటేది కాదు.

ఒక ఏడు దానికి పెద్ద జబ్బే చేసి, పట్నంలో కొన్న షాపుకే పంపితే, నెల రోజులు ఉంచుకుని, స్టార్టు చేసే మోటారు కొత్తది వేశామని చెప్పి పంపించారు. ముందు నిలబడి చేత్తో తిప్పి స్టార్టు చేసే ఇనుప హాండిలు మాత్రం బండిలో రాలేదు. అడిగితే మాకు తెల్వదన్నారు. మా ఊరి కమ్మరి ఇంకొకటి చేసి ఇచ్చాడు గానీ, దాని పండ్లు లోపల పట్టక జారి, మా ఆయన మణికట్టు వాచిపోయేది.

షావుకారు తల్లిని ఊరంతా పెద్దమ్మ అనేవాళ్లు. ఇంటి లక్ష్మి నెల రోజులు పరాయి జాగాలో పడి ఉండి వచ్చిందని, ఆ రోజు నుంచి పొద్దున్నే మోటరుకు హారతి పట్టాలని ఆమె నియమం పెట్టింది. ఉత్త హారతి ఆమెకు ఒప్పలేదు. "సప్పుడు లేనిదానికి హారతిస్తే పీనుగకు దీపం పెట్టినట్టు కాదుర కొడుకా, జర లేపు," అనేది మా ఆయనతో. ఆయన లోపల కూర్చుని బండిని స్టార్టు చేసేవాడు, అది గురగురలాడుతుండగా ఆమె గంట వాయించి, కర్పూరం వెలిగించి, బొట్టు పెట్టేది. పళ్లెం పట్టుకునేది నేను. హారతి కాగానే, పెట్రోలు దండుగని ఆపేసేవాడు. ఎంత ముద్దుగా ఉండేదో ఆ పొద్దు. కర్పూరం వాసన, పెట్రోలు వాసన కలిసి ఒక కొత్త దేవుడి గుడిలా ఉండేది మా దొడ్డి.

కొన్నాళ్లకు బండి లేవడానికి బద్ధకించడం మొదలుపెట్టింది. ముందు కొద్దిగా, తరువాత ఇంకొద్దిగా. మా ఆయన ప్లగ్గులు ఊడదీసి తుడిచాడు, వైర్లు బిగించాడు, బ్యాటరీ మీద పేరుకున్న పచ్చటి ఉప్పు గీకాడు, పెట్రోలును తన ధోవతి కొంగులో వడపోశాడు. ఎంత చేసినా తెల్లారి అదే మూలుగు. షాపువాళ్లు కొత్త మోటారని చెప్పి పాతది అంటగట్టారని ఆయనకు గట్టి అనుమానం. షావుకారును బతిమాలి, ఆయన్ను కూడా ఎక్కించుకుని బండిని మళ్లీ పట్నం తీసుకుపోయాడు. అక్కడ షాపు మనిషి వచ్చి అట్లా ముట్టుకున్నాడో లేదో, బండి గుర్రంలా లేచింది. ఆపి మళ్లీ లేపాడు, మళ్లీ లేచింది.

"బండికేం కాలే సేటూ, మీ డ్రైవరునే జర షాపుల ఇడిసిపోండ్రి, రిపేరు చేసి పంపుతం," అన్నాడట. షావుకారు ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాడు. నవ్వితే నవ్వాడు గానీ, ఊళ్లో కూడా చెప్పాడు. ఆ తరువాత మా ఆయన నీళ్లకు పోయినా, "ఏం పటేలా, నీ రిపేరు అయిందా" అని అడిగేవాళ్లు. అన్నం ముందు కూర్చుని, "అక్కడెందుకు లేస్తదే, ఇక్కడెందుకు లేవదే," అని నన్ను అడిగేవాడు, నాకు తెలిసినట్టు.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఊరి కళ్లన్నీ దాని మీదే ఉన్నాయని, దిష్టి తగిలిందని, మాపటిపూట కూడా హారతి మొదలుపెట్టింది.

అప్పుడు నాకు నెలలు నిండాయి. మొదటి కాన్పు పానగల్లులో మా తల్లిగారింట్లో సుఖంగా అయింది, కొడుకు. ఇది రెండోది, అత్తగారింట్లోనే కావాలి. ఆ శుక్రవారం తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. సంగతి విని పెద్దమ్మ నా పేరు మీద మోటరుకు ఒకసారి, శుక్రవారానికని ఇంకోసారి హారతి పట్టించింది. కొట్టంలో పడుకుని నేను ఆ గంట విన్నాను, బండి రెండోసారి లేవడానికి ఎంత పెనుగులాడిందో కూడా విన్నాను. మంత్రసాని నా కడుపు తడిమి తడిమి, పొద్దెక్కాక చేతులు కడుక్కుని బయటికి పోయింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. నా చేతుల లేదు. నల్లగొండ దవాఖానకు కొంటవోండ్రి," అంది మా అత్తతో.

షావుకారు ఏదో నసిగాడు. పెద్దమ్మ అతన్ని నోరెత్తనియ్యలేదు. "ఆడిపిల్ల పానం కన్న నీ మోటరు ఎక్కువనారా," అని, తన మంచం మీది బొంత తెచ్చి తనే వెనక సీటులో పరిచింది. ఆ కాలంలో, పనిమనిషి కోసం అట్లా చేసినవాళ్లను నేను ఇంకొకరిని చూడలేదు. ఆమెను నేను ఒక్క మాట అననియ్యను.

మా అత్త ఒడిలో తల పెట్టుకుని పడుకున్నాను. మా ఆయన ముందు కూర్చుని స్టార్టు చేశాడు. మూలిగింది. మళ్లీ. ఇంకా సన్నగా. ఆ తరువాత టిక్కుమని ఒక చప్పుడు, అంతే.

"ఏమైందిర," అంది మా అత్త.

"అందుకుంటలేదమ్మా."

"షాపుల లేస్తది, కోర్టుకు పోతే లేస్తది, నా కోడలికి లేవదా?"

ఆయన దిగి బండి ముందుకు పోయాడు. కమ్మరి చేసిన హాండిలు పెట్టి తిప్పితే జారి మోకాలికి తగిలింది. పెద్దమ్మ నిమ్మకాయ తిప్పి చక్రం కింద పెట్టింది. నెట్టుదామంటే షెడ్డు నుంచి బాటదాకా అంతా ఎక్కుడు, ఇసుక. పాలేరు పరుగున పోయి అరకకు కట్టిన ఎడ్లను విప్పుకొచ్చి మోటరుకు కట్టాడు. ఎడ్లు బెదిరి ఒకటి అటు, ఒకటి ఇటు గుంజాయి. నేను అద్దంలోంచి ఆకాశం చూస్తున్నాను, అది కదిలితే బండి కదిలిందని గుర్తు. ఆకాశం కదలడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. బాటకెక్కించి, పల్లానికి తోసి, ఇంకో పల్లానికి తోసి, చివరికి అది దగ్గుతూ లేచేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. నా కడుపులో కదలిక ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. నేను అప్పుడు చెప్పలేదు, చెబితే మా ఆయన తోలలేడని.

దవాఖానలో వాళ్లు చేయగలిగింది చేసి నన్ను బతికించారు. ఆడపిల్ల. జర ముందు తేవలసింది అని మాత్రం డాక్టరమ్మ అంది, తిట్టినట్టు కూడా కాదు.

మా ఆయన తాళం చెవి షావుకారు చేతిలో పెట్టి, మమ్మల్ని తీసుకుని నాగార్జునసాగరం కట్ట పనికి పోయాడు. రాళ్లు మోశాడు గానీ మళ్లీ బండి ముట్టలేదు. ఒక ఏడాది తరువాత అక్కడి లారీలు బాగుచేసే ముసలాయనకు ఈ సంగతి చెబితే, ఆయన ఒక్కటే అడిగాడట, "ఆ బండి రోజుకు ఎంత దూరం తిరుగుతుండె?" అని. బండి లేచిన ప్రతిసారీ బ్యాటరీలోంచి కొంత తీసుకుంటుందట, దూరం నడిస్తేనే ఆ తీసుకున్నది మళ్లీ నింపుతుందట. మేము పొద్దున, మాపు దాన్ని లేపాం, హారతి పట్టాం, నడపకుండా ఆపాం. పట్నందాకా బండి నడిస్తే బ్యాటరీ నిండేది, కాబట్టే షాపులో గుర్రంలా లేచింది. మా ఆయన ఇంటికొచ్చి ఇది నాకు చెప్పి, కలిపిన అన్నం అట్లాగే వదిలి లేచాడు. పెద్దమ్మకు మేము చెప్పలేదు. నా కోసం రెండు హారతులిచ్చానని ఆమె చనిపోయేదాకా అందరికీ చెప్పుకునేదట.

ఇప్పుడు ఫోను చేస్తే దవాఖాన బండే గడప ముందుకు వస్తుంది, తారు రోడ్లు పడ్డాయి, బండికి ఏం జబ్బో తెలుసుకోవడానికి తీగ తగిలిస్తే అదే చెబుతుందని మా మనుమరాలు అంటుంది. మంచిదే, ఏ తల్లికీ ఆ మూలుగు వినే రాత వద్దు. కానీ ఇన్నేళ్లలో నేను వెతుక్కున్నది ఇవేవీ కాదు. తిట్టుకోవడానికి ఒక్క మనిషి. షాపువాడు కొత్త మోటారే వేశాడు. పెద్దమ్మ నా మీద ప్రేమతోనే చేసింది. మా ఆయన ఆమె చెప్పినట్టు చేశాడు. ఎవరి మీదా మన్ను పొయ్యలేని దుఃఖం మనిషి లోపలే ఉండిపోతుంది, ఎటూ పోదు.

ఆ శుక్రవారం ఆ దొడ్లో ఉన్నవాళ్లు: షావుకారు, ఆయన తల్లి పెద్దమ్మ, మంత్రసాని, సంగతి విని వచ్చిన కమ్మరి, ఎడ్లను తెచ్చిన పాలేరు, బండిని తోయడానికి మగ్గం గుంటలోంచి లేచొచ్చిన పక్కింటి అన్నదమ్ములిద్దరు, నా తల పట్టుకున్న మా అత్త, ఆమె చంక దిగని నా కొడుకు, మా ఆయన, నేను, నా కడుపులో, అప్పటికింకా బతికే ఉన్న నా బిడ్డ.