దూకని లైన్‌బ్యాకర్

మా పై వాటా బాబాయిగారు మొన్న సోమవారం చనిపోయారు. భవానీపురంలో మా మేడ మీద చాలా ఏళ్ళుగా అద్దెకుంటున్న మనిషి. జ్ఞాపకార్థ కూడికలో నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. అప్పటికే మాట్లాడినవాళ్ళంతా ఆయన్ని శాంతమూర్తిని చేసేశారు. నేను మైకు తీసుకోలేదు. ఆ మనిషి మీద నాకింకా కోపం తగ్గలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మా పరిచయం, వైరం రెండూ ఒక వీడియో గేమ్ వల్లే. బెంజ్ సర్కిల్ దగ్గర నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న గేమ్ బాక్సులో పాత డిస్కు ఒకటి ఇరుక్కుపోయి ఉంది. ఎన్ని తిప్పలు పడ్డా బయటికి రాలేదు. అందులో ఉన్నది అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్, బంతిని చంకలో పెట్టుకుని మనుషుల్ని గుద్దుకుంటూ పరిగెత్తే ఆట. గతిలేక అదే ఆడేవాణ్ణి. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆయన మా గుమ్మంలో ఆగారు.

"అదేంటయ్యా, వాడు నీ పక్కనించే పోతుంటే నువ్వెక్కడికో దూకుతావు?"

ఒళ్ళు మండింది. "అయితే మీరాడండి చూద్దాం" అని రెండో రిమోట్ చేతిలో పెట్టాను. బుద్ధి తక్కువై చేసిన పని.

ఆయన ఎప్పుడూ లైన్‌బ్యాకర్నే తీసుకునేవారు. ముందు వరుస వెనకాల నిలబడి, బంతితో చొచ్చుకొచ్చేవాణ్ణి ఆపాల్సింది వాడే. నాలాంటివాళ్ళు ఆట మొదలవగానే ముందుకు ఉరుకుతారు. బంతివాడికి ముందుండి దారి చేసే అవతలి గార్డు అడ్డుపడి నేల కరిపిస్తాడు, బంతివాడు ఖాళీలోంచి జారిపోతాడు. ఈయన ఉరికేవారు కాదు. అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు, అంతే. ఖాళీ తెరుచుకునేసరికి అందులో ఆయన మనిషి నిలబడి ఉండేవాడు.

"బంతిని చూడకు, గార్డు మొదటి అడుగు చూడు. టిక్కెట్టు తీసుకోకుండా దిగేవాడి మొహం కిటికీ వైపుంటుంది, కాళ్ళు మాత్రం డోరు వైపు తిరుగుతాయి" అనేవారు.

నాలుగేళ్ళు, ఆదివారం ఆదివారం ఓడాను. నావాణ్ణి పడేసిన ప్రతిసారీ "రైట్ రైట్, దిగాలి దిగాలి" అనేవారు. ఆ గొంతు వింటే పళ్ళు పటపటలాడేవి. ఒక్కసారి ఆయన్ని దాటి గెలవాలి. మీరు నవ్వినా సరే, ఆఫీసులో ప్రమోషన్ కన్నా నాకదే కావాలనిపించేది.

రెండు నెలల క్రితం గెలిచాను. ఆఖరి ఆటలో నావాణ్ణి మధ్యలోంచి వదిలాను. గార్డు అడుగు ఎడమకి పడింది, గుడ్డివాడికైనా కనిపించేది. ఆయన లైన్‌బ్యాకర్ కదల్లేదు. నావాడు పక్కనించే పోయాడు.

"గెలిచావు కదయ్యా" అన్నారు, రిమోట్ ఒళ్ళో పెట్టుకుని.

"దానం చేశారా?"

"ఆడావు, గెలిచావు. ఇంకేంటి?"

"మీ జాలి నాకక్కర్లేదండీ. ఇంక మా గడప తొక్కకండి."

రిమోట్ సోఫా మీద పెట్టి మెట్లెక్కి వెళ్ళిపోయారు. తర్వాత ఎదురుపడితే నేను మొహం తిప్పుకున్నాను. ఆయనా పలకరించలేదు. అంత పొగరు.

కూడిక అయ్యాక ఆయన భార్య, పిన్నిగారు, నన్ను పక్కకి పిలిచారు.

"ఎండాకాలం నుంచీ ఆయన కుడిచేతికి పట్టు తప్పుతూ వచ్చింది బాబూ. ఆఖరికి గ్లాసు కూడా ఎడం చేత్తోనే పట్టుకునేవారు. నీకు మాత్రం చెప్పొద్దన్నారు."

"ఎందుకండీ?"

"చెబితే వాడు నిదానంగా ఆడతాడు, అలాంటి ఆట నాకొద్దు అన్నారు."

నిజమే, నిదానంగానే ఆడేవాణ్ణి. అది ఆయనకి తెలుసు. నాకక్కర్లేదన్న జాలి ఆయనకీ అక్కర్లేదు. ఆ ముక్క నా మొహం మీద చెప్పి ఉంటే ఇంకో రెండు నెలలు పోట్లాడుకునేవాళ్ళం కదా, ముసలాయనా.

ఈ ఆదివారం ఆట పెట్టాను. ఆయన రిమోట్ సోఫా మీదే ఉంది. ఆడించేవారు లేక ఆయన లైన్‌బ్యాకర్ ఉన్నచోటే నిలబడ్డాడు. నావాణ్ణి వాడి ఎదురుగా తెచ్చి ఆపేశాను. పక్కనించి దాటించడానికి చెయ్యి రాలేదు. మిగతావాళ్ళు వచ్చి మీద పడేదాకా ఇద్దరూ అలా ఎదురెదురుగా నిలబడే ఉన్నారు.