విలువ గడిలో లక్షా అరవై వేలు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది ఆగస్టులో నేను ఐర్లండ్‌లో, షానన్ ఫ్రీ జోన్‌లోని ఒక చిన్న కస్టమ్స్ క్లియరింగ్ కంపెనీలో సీనియర్ డిక్లరెంట్‌గా ఉన్నాను. హోదా పేరు విని బెదరకండి. ఆఫీసులో ఉన్నదే ముగ్గురం. నాపైన మేనేజర్ నోరీన్, నా కింద ప్రింటర్. అదీ నా మాట వినేది కాదు. అంతకు ముందు విశాఖలో పన్నెండేళ్ళు ఇదే పని చేసి వచ్చాను కాబట్టి, అబద్ధపు ధరలు నాకు కొత్త కాదు. కొత్త కాదనే అనుకున్నాను.

డిక్లరెంట్ పని ఏమిటంటే, యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చిన సరుకు గురించి, అది అందుకునేవాళ్ళ తరఫున కస్టమ్స్‌కు లెక్క చెప్పడం. వస్తువు ఏమిటి, ఎక్కడిది, విలువెంత. మొదటి రెండూ జనం నిజమే చెబుతారు. మూడోది రాసేటప్పుడే అందరికీ అంకెలు చిన్నవైపోతాయి. ఇంట్లోవాళ్ళు పంపిన కానుక నలభై ఐదు యూరోలు దాటితే వ్యాట్ పడుతుంది. నూట యాభై దాటితే సుంకం కూడా తోడవుతుంది. పైగా వ్యాట్ కట్టేది ధర మీద మాత్రమే కాదు, ధర, రవాణా, సుంకం మూడూ కలిపి. సుంకం మీద మళ్ళీ పన్నా అని ప్రతివాళ్ళూ నా మొహంలోకి చూసేవారు, ఆ చట్టం నేనే రాసినట్టు! అందుకే కొత్త ల్యాప్‌టాప్ కాస్తా "వాడిన వస్తువు, ఇరవై యూరోలు" అయిపోయి వచ్చేది.

ఆ మంగళవారం పొద్దున వచ్చిన పార్శిల్ విజయవాడ నుంచి. అందుకోవలసిన అమ్మాయి పేరు సాహితి. డబ్లిన్ పక్కన లూకన్‌లో పెరిగి, ఇక్కడ వైద్య పరికరాలు తయారుచేసే ప్లాంటులో ఇంజినీరుగా చేరి, పక్క ఊరు ఎన్నిస్‌లో ఉంటోంది. తనతో పనిచేసే విజయవాడ కుర్రాడితో శనివారం పొద్దున పెళ్ళి, ఎన్నిస్‌లోనే ఒక హోటల్ హాల్లో. పీటల మీద కట్టుకోవలసిన చీరను కాబోయే అత్తగారు రాజ్యలక్ష్మిగారు పంపారు. మోకాలి ఆపరేషన్ అయిన కొత్త కావడంతో ఆవిడ ప్రయాణం మానుకున్నారు. కనీసం చీరైనా వేళకు చేరాలని ఆవిడ ఆరాటం.

పార్శిల్ మీద అంటించిన ఫారంలో పెద్ద అక్షరాలతో రాసి ఉంది: పెళ్ళి పట్టుచీర, అసలు జరీ, లక్షా అరవై వేల రూపాయలు. లోపల బిల్లు లేదు. సిస్టంలో ఎక్కించగానే ఆరెంజ్ పడింది. గ్రీన్ అయితే సరుకు వెళ్ళిపోవచ్చు, రెడ్ అయితే పెట్టె విప్పి చూస్తారు, ఆరెంజ్ అంటే కాగితాలు చూపాలి. బిల్లు తెస్తే గాని అధికారి కదలనివ్వడు. ఆ విలువే నిజమైతే సుంకం, వ్యాట్ కలిపి దాదాపు ఆరు వందల యూరోలు. శనివారానికి మధ్యలో ఉన్నవి మూడు పనిదినాలు.

విజయవాడకు ఫోను చేశాను. అక్కడ మధ్యాహ్నం, ఆవిడ భోంచేసి నడుం వాల్చే వేళ. మొదట, "బిల్లు ఎక్కడో పడిపోయింది మేడమ్," అన్నారు. కొట్టువాళ్ళ పేరు చెబితే నేనే అడుగుతానన్నాను. కొట్టు మూసేశారన్నారు. ఎప్పుడంటే నిన్న అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "చూడండమ్మా, బిల్లు రాకపోతే శనివారం మీ కోడలు పీటల మీద వేరే చీరతో కూర్చుంటుంది," అని కచ్చితంగా చెప్పేశాను.  అవతల కర్ర తాటించుకుంటూ నడిచిన చప్పుడు, తలుపు గడియ పడిన చప్పుడు. ఈసారి గొంతు బాగా తగ్గింది. అప్పటిదాకా మేడమ్‌ని కాస్తా వదిననయ్యాను.

"వదినగారూ, ఇది మీ కడుపులోనే పెట్టుకోవాలి. ఆ చీర పద్దెనిమిది వేల ఐదొందలు."

కాలిక్యులేటర్ పక్కకు నెట్టాను. మరి లక్షా అరవై ఎందుకు రాశారమ్మా అన్నాను.

"కొరియర్ అబ్బాయి ఈ కాగితం పెట్టె పైన అంటిస్తానన్నాడండీ. అట్టా అయితే ఆడపెళ్ళివారంతా చదువుతారు గదా! పద్దెనిమిది అని రాస్తే ఏం బాగుంటది చెప్పండి? అమ్మాయికి చెప్పమాకండి, మావాడిక్కూడా చెప్పమాకండి. మీకు దణ్ణం పెడతా."

నాకు నవ్వు ఆగలేదు. ఫోను పక్కన పెట్టి, నోటికి స్కార్ఫ్ అడ్డం పెట్టుకుని నవ్వాను. నోరీన్‌కు విషయం చెబితే ముందు నమ్మలేదు. ముప్పై ఏళ్ళలో ధర తగ్గించినవాళ్ళనే చూసింది గాని, పన్నువాళ్ళ ముందు గొప్పకు పోయి పెంచినవాళ్ళను చూడలేదట. తాగుతున్న టీ పొలమారి, లేచి వెళ్ళి సింకు దగ్గర దగ్గింది. ఆ రోజంతా మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పనిచేశాం. చూసుకుంటే అయిపోయేది.

నవ్వు సంగతి అలా ఉంచితే, చిక్కు మాత్రం నిజమైనదే. మేం కేవలం ప్రతినిధులం. చట్టం దృష్టిలో దిగుమతిదారు సాహితి. విలువ మార్చాలంటే ఆ అమ్మాయికి కాగితం చూపించి, సంతకం తీసుకుని తీరాలి. ఆ పిల్లకు తెలియకుండా ఆ పిల్ల పేరున అంకె మార్చే హక్కు నాకు లేదు. మర్నాడు ఇదే మాట రాజ్యలక్ష్మిగారితో అన్నాను, సాయంత్రంలోగా మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అని. "నా నోటితో చెప్పలేను వదినగారూ. మీరే చెప్పండి. ఇంక ఆ పిల్ల మొహం ఎట్టా చూసేది!" అన్నారు.  అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు, పాపం అనిపించింది. చిత్రం, ఆ వెంటనే బిల్లు ఫొటో వచ్చేసింది, మూసేసిన కొట్టుదే.

బుధవారం షిఫ్టు దిగి సాహితి ఆఫీసుకు వచ్చింది. నేను ఇంకా బిల్లు బయటికి తీయకముందే కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "సిక్స్ హండ్రెడ్, గ్రాండ్, ఆంటీ, ఐ'ల్ పే ఇట్. అత్తయ్యని ఇబ్బంది పెట్టొద్దు ప్లీజ్," అంది. గ్రాండ్ అంటే ఇక్కడి మాటలో ఫరవాలేదని. ఆరు వందల పన్ను, విలువ మీద సంతకం అని నేను ఫోనులో చెప్పినప్పుడే ఏదో తేడా ఉందని ఆ పిల్ల పసిగట్టింది. కట్టేస్తే గొడవ వదిలిపోతుందని దాని ఉద్దేశం. ఇక్కడొక సంగతి చాలామందికి తెలియదు. ధర తగ్గించి చెప్పడమే కాదు, తెలిసి పెంచి చెప్పడమూ తప్పుడు డిక్లరేషనే. సర్కారుకు లాభం వచ్చినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. ఈ మాటే దానికి చెప్పి, బిల్లు ముందుంచాను.

సాహితి అంకె చూసింది. ఫోనులో చీర ఫొటో తీసి పెద్దది చేసి చూసింది. మళ్ళీ అంకె చూసింది. నేను దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. దాని నోటి నుంచి ఏం వస్తుందో, అటు ఇంట్లో ఏం అంటుకుంటుందో అని.

"ఎయిటీన్ ఫైవ్? ఫర్ దిస్? ఆంటీ, అమ్మ తనకు హైదరాబాదులో నలభై పెట్టి కొంది, దానికి ఇందులో సగం జరీ కూడా లేదు!" అని అక్కడికక్కడే అత్తగారికి ఫోను కలిపింది, స్పీకర్‌లో. నేను వద్దు వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాను. "అత్తయ్యా, ఈ ధరకి ఎలా తెచ్చారు? టెల్ మీ ఎవ్రీథింగ్."

 అవతల గట్టు తెగింది.

"ముప్పై రెండు చెప్పాడమ్మా వాడు! నేను పదిహేను అన్నా. మూడు గంటలు ఆ పరుపు మీద నుంచి లేవలా. రెండుసార్లు చెప్పులేసుకుని బయటికొచ్చేశా. రెండోసారి వాడే వెనకాల పరిగెత్తుకొచ్చాడు, ఈ మోకాలితో మళ్ళీ ఎక్కడ తిరుగుతారమ్మా, రండి అని. ఆ మోకాలే పనికొచ్చింది తల్లీ!"

ఇరవై నిమిషాలు సాగింది ఆ బేరం కథ. పసుపు చీర పక్కన పెట్టించి ఈ ఎర్రదాన్ని ఇష్టం లేనట్టు చూసిన వైనం, బ్లౌజు ముక్క విడిగా లెక్కేస్తానంటే పెట్టిన పేచీ, అన్నీ. తెలుగు ముక్క అర్థం కాని నోరీన్ కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది. సాహితి అడ్డం పడి, చెల్లి పెళ్ళికి ముంబైలో షాపింగ్ ఉంది, మీరే రావాలి, నేను బేరం ఆడలేను అంటోంది. నా స్కార్ఫ్ మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది.

గురువారం పొద్దున సవరించిన డిక్లరేషన్‌తో బిల్లు పంపాను. అధికారి ఫోను చేసి, విలువ తగ్గించమంటున్నారా అని అనుమానంగా అడిగాడు. కారణం చెప్పాను. మరోసారి చెప్పమన్నాడు. పక్కవాళ్ళకు వినిపించడానికని నా అనుమానం. కొట్టువాళ్ళ రసీదు, ఆవిడ చెల్లించిన బ్యాంకు స్టేట్‌మెంటు రెండూ సరిపోయాయి. సుంకం, వ్యాట్ కలిపి వంద యూరోల లోపే తేలింది. శుక్రవారం మధ్యాహ్నానికి పెట్టె ఎన్నిస్‌లో ఉంది.

శనివారం నన్నూ పిలిచారు. వీడియోకాల్‌లో రాజ్యలక్ష్మిగారిని ఒక కుర్చీలో ట్యాబ్ పెట్టి కూర్చోబెట్టారు. చీర చాలా బాగుందని ఆడపెళ్ళివారి వైపు ఆవిడెవరో అన్నారో లేదో, "పద్దెనిమిదిన్నరేనండీ! వాడు ముప్పై రెండు చెప్పాడు!" అని ట్యాబ్ లోంచి గొంతు హాలంతా మోగింది. మంగళసూత్రం అయ్యేసరికి ఆ ధర తెలియనివాడు హాల్లో పురోహితుడొక్కడే. భోజనాల దగ్గర ఆయనకూ తెలిసింది.

అప్పటిదాకా విలువ గడిలో అంకె తేడాగా కనబడితే, పన్ను ఎగ్గొట్టడానికే అనుకునేదాన్ని. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, బిల్లు అడిగేముందు ఒక ప్రశ్న అడిగేదాన్ని, ఈ అంకె ఎవరు చదవాలని రాశారు అని. ఎక్కువమంది కస్టమ్స్‌వాళ్ళు అనే చెప్పేవారు. అప్పుడప్పుడు మాత్రం అవతల గొంతు తగ్గి, తోడికోడలనో, వియ్యపురాలనో ఒక మాట బయటికొచ్చేది. అలాంటప్పుడు బిల్లు తొందరగా దొరికేది.