కేకు తేనన్న నెవెంకా

ఆస్ట్రేలియాలో, జిలాంగ్ ఊళ్లోని మా ప్రయోగశాలలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి మాట తప్పని తేలితే వాళ్లు శుక్రవారం పొద్దుటి టీకి కేకు తేవాలి. దీన్ని వినయానికి శిక్షణ అని చెప్పుకుంటారు. వినయమూ కాదు, పాడూ కాదు. ఎవరు గట్టిగా నవ్వితే వాళ్లదే పైచేయి అయ్యే పంచాయితీ ఇది. చాలామంది తప్పు తేలకముందే, గొడవెందుకులే అని కేకు పట్టుకొచ్చేస్తారు. తేనని మొండికేసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె నెవెంకా బుటోరాచ్. అందరికీ నెవ్.

నెవ్ వాళ్ల నాన్న క్రొయేషియా నుంచి వచ్చి, ఊరి శివారు నార్లేన్‌లో ఇల్లు కట్టుకుని, కార్ల ఫ్యాక్టరీ మూతపడేదాకా అందులో తలుపులు బిగించాడు. నెవ్ కూడా అక్కడే రంగులు వేసేది. ఫ్యాక్టరీ పోయాక చదువుకుని డాక్టరేటు తెచ్చుకుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇక్కడివాళ్లు గొంతులో కాస్త తడి తెచ్చుకుంటారు. అది వింటే ఆమెకు ఒళ్లుమంట. "ఉద్యోగం పోయింది, ఇంకో పని నేర్చుకున్నాను. కళ్లు తుడుచుకోవడానికి ఇందులో ఏముంది?" అంటుంది.

ఆమె చేసేది వేలెడు పొడవున్న ప్లాస్టిక్ పట్టీ. దాన్ని చుట్టగా చుట్టి ఒక రకం అతినీలలోహిత కాంతి కింద పెడితే లోపలి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ముడిపడతాయి. చెయ్యి తీసేసినా చుట్ట చుట్టలాగే ఉంటుంది. అంతకన్నా పదునైన అతినీలలోహిత కాంతి వేస్తే ఆ ముళ్లు విడిపోయి, పాత రూపం గుర్తొచ్చినట్టు పట్టీ తిన్నగా సాగుతుంది. సాగుతూ ఒక చిన్న తలుపును నెట్టగలదు. తీగ అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. పోర్టార్లింగ్టన్ తీరంలో ఆల్చిప్పలు పెంచేవాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే. చల్లటి ఉప్పునీళ్ల గొట్టాల్లో తలుపులు తెరిచే వాళ్ల మోటార్లు తుప్పుపట్టి చస్తున్నాయి. పట్టీ వాళ్లకు పనికొస్తే నెవ్ పని సాగుతుంది. లేదంటే ఇక్కడ బల్ల ఖాళీ చేసి వెళ్లిపోవాల్సిందే.

ఒకరోజు మా అందరి ముందూ పట్టీని విప్పి చూపించింది. పక్కగదిలో పనిచేసే కోలిన్ స్ట్రాకన్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"అది కాంతి కాదమ్మా, నీ దీపం వేడి. మా ఆవిడ హెయిర్ డ్రయర్ పెట్టినా విచ్చుకుంటుంది" అన్నాడు.

గదంతా నవ్వింది. సాయంత్రానికి నెవ్ బల్ల మీద ఎవరో హెయిర్ డ్రయర్ పెట్టి, దానికి ఎర్ర రిబ్బను కూడా కట్టారు.

మా విభాగానికి పెద్ద గ్రేమ్ టుల్లీ. మంచివాడే. మంచివాళ్లకుండే పిరికితనం అతనికీ ఉంది.

"నెవ్, శుక్రవారం ఒక కేకు పట్టుకొచ్చెయ్. నవ్వేసి వదిలేద్దాం. ఇకనుంచి వేడితో నడిచే పట్టీ అని రాసుకుందాం."

"వేడితో నడిచేది చల్లనీళ్లలో నడవదు. ఆల్చిప్పలవాళ్లకేం చెప్తావు, సముద్రం కాచుకోమనా?"

"వాళ్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ కేకు..."

"నాది తప్పని ఎవరూ చూపించలేదు, గ్రేమ్. అన్నారంతే. అన్నందుకు కేకు తేను."

"సరదాకి పెట్టుకున్నదే, నెవ్."

"సరదా ఎవరికి?"

ఇంట్లో వాళ్లమ్మ కాటా కూడా రాజీకే వచ్చింది. "అక్రోట్ల రొట్టె నేను చేసిస్తాలేవే. తింటూ ఉంటే ఆ మగాళ్ల నోళ్లు మూతపడతాయి."

"నోళ్లు మూయించడానికి తిండి పెట్టడం నీతో ఆగిపోనీ అమ్మా" అందట నెవ్.

శుక్రవారం కేకుకు బదులు బకెట్టు నిండా మంచుగడ్డలు తెచ్చింది. పళ్లెంలో నీళ్లు పోసి, మంచు వేసి, చుట్టిన పట్టీని అందులో ముంచింది.

"దీపం వేడంతా ఈ నీళ్లు లాగేస్తాయి. అయినా విచ్చుకుంటే అది కాంతి పనే. విచ్చుకోకపోతే కేకూ తెస్తాను, బల్లా ఖాళీ చేస్తాను."

జనం ఎక్కువగా మూగారని, ఎవరి కళ్లకూ కాంతి తగలకూడదని దీపం మూతికి గాజుపలక అడ్డం బిగించి వెలిగించింది. మేమంతా టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాం. పట్టీ కదల్లేదు. టీ చల్లారింది. పట్టీ కదల్లేదు.

"నాకు లామింగ్టన్ కేకులంటే ఇష్టం, నెవ్. కొబ్బరి దండిగా చల్లించు" అన్నాడు కోలిన్.

గ్రేమ్ నేల చూపులు చూస్తున్నాడు. నెవ్ వంగి దీపాన్ని చూసింది. దీపం నుంచి పళ్లేనికి చూపు తిప్పి, ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"గాజు పెట్టాను. నా చేత్తో నేనే గాజు పెట్టాను."

మామూలు గాజు ఆ పదునైన కాంతిని మొత్తం మింగేస్తుంది. మొదటి ఏడాది పిల్లలకు మేమే నేర్పే సంగతి ఇది. గదిలో అంతమంది ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు.

"ఇప్పుడు సాకులు మొదలా?" అన్నాడు కోలిన్.

"సాకు కాదు, తప్పు. గాజుకి కేకు తెస్తాను, రాసుకో. నువ్వన్న వేడికి మాత్రం తేను."

అందరికీ మొహం కప్పే తొడుగులు ఇచ్చి పలక తీసేసింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చుట్ట కొస కాస్త లేచింది. లేచిందా, మాకే అలా అనిపించిందా అని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కొస ఇంకొంచెం లేచింది. నిద్రలేచినవాడు ఒళ్లు విరుచుకున్నట్టు, మంచుగడ్డల మధ్య పట్టీ తీరిగ్గా తిన్నగా అయింది. గడ్డలు ఇంకా తేలుతూనే ఉన్నాయి.

"చాలా నెమ్మది" అన్నాడు కోలిన్.

"నెమ్మదే. మొన్న గాల్లో చకచకా విచ్చుకుందే, ఆ వేగంలో సగం దీపం వేడిదే. అంతవరకు నీ మాట నిజం. కానీ నువ్వు సగం అనలేదు. కాంతి కాదన్నావు."

"నెమ్మదిదాన్ని ఎవరు తీసుకుంటారు?" అన్నాడు గ్రేమ్ దిగులుగా.

"ఆల్చిప్పలవాళ్లు. సముద్రం పోటు రావడానికే గంటలు పడుతుంది. ఆ పోటుకు తెరిచే తలుపుకేం తొందర? ఫోన్ చెయ్యి. ఎంత నెమ్మదో కూడా చెప్పు, దాచకు."

గ్రేమ్ ఫోన్ చేశాడు. ఒక గొట్టానికి బిగించి చూస్తామన్నారు వాళ్లు. బల్ల ఆమెదే అయింది. పట్టుదలకు ఫలితం దక్కిందని గ్రేమ్ చిన్న ప్రసంగం ఎత్తుకోబోతే, "పట్టుదల పదిమందికుంది. పట్టీ విచ్చుకుంది, అదీ సంగతి" అని నెవ్ మధ్యలోనే తుంచేసింది.

తర్వాతి శుక్రవారం సూపర్ మార్కెట్లో అన్నిటికన్నా చవకైన కేకు తెచ్చి బల్ల మీద పడేసింది. "గాజు తప్పుకి ఇది చాలు." కోలిన్ చేతులూపుకుంటూ వచ్చాడు. తన కుర్చీ ముందు, ఎర్ర రిబ్బనుతో సహా, హెయిర్ డ్రయర్ ఉంది.

"నీ వంతు కేకు వచ్చేదాకా అది నీ దగ్గరే ఉంచు" అంది నెవ్.

ఆ పై వారం కోలిన్ లామింగ్టన్లు తెచ్చాడు, కొబ్బరి దండిగా చల్లించి. నెవ్ ఒక్కటీ ముట్టలేదు. ఆమెకు కొబ్బరి పడదు. అయినా, అందరూ తిన్నాక ఖాళీ పెట్టె అడిగి తీసుకుని, తన పట్టీలు దాచుకోవడానికి పట్టుకుపోయింది.